వంటల పుస్తకం అచ్చుకు ఇచ్చే ముందు

నా మొదటి వంటల పుస్తకం 84వ పేజీలో, ఉప్పు ఒక టీస్పూను అని ఉండవలసిన చోట ఒక టేబుల్‌స్పూను అని అచ్చయింది. పుస్తకం అమ్మకానికి వెళ్లిన 11వ రోజున, నాకు ముఖపరిచయమైనా లేని ఒక పాఠకురాలు, "మీరు రాసినట్లే చేశాను, ఇంట్లో ఎవరూ తినలేకపోయారు, నేనెక్కడైనా పొరపాటు పడ్డానేమో చెప్పగలరా" అని ఎంతో మర్యాదగా ఉత్తరం రాసింది. ఆమె తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను అంటే 15. నా మాట నమ్మి మూడింతలు ఉప్పు వేసిన మనిషి, తప్పు తనదేమోనని నన్ను అడుగుతోంది.

నా కోపం ముందు టైపు చేసిన అబ్బాయి మీదికి వెళ్లింది. చేతిరాత ప్రతి తీసి చూసుకుంటే అతని తప్పు సగమే అని తేలింది. చోటు కలిసివస్తుందని నేను అంతటా "టీ.స్పూ.", "టే.స్పూ." అని పొడి అక్షరాల్లో రాశాను, గుడిదీర్ఘానికీ ఏత్వానికీ నా దస్తూరిలో పెద్ద తేడా ఉండదు. అతనికి కనిపించింది అతను కొట్టాడు. నేను ప్రూఫు చూసినప్పుడు, ఆ వంటకం నాకు కంఠతా వచ్చు కాబట్టి, కాగితం మీద ఉన్నది వదిలేసి నా తలలో ఉన్నది చదువుకున్నాను. మరి ఆ తప్పు పట్టుకోవలసిన మనిషి ఎవరు? ఆ ప్రశ్న వేసుకున్నాక గాని, నా పుస్తకానికి అటువంటి మనిషే లేడని నాకు తట్టలేదు. పద్ధతిగా నడిచే ప్రచురణ సంస్థలో ఆ తప్పు కనీసం మూడు జల్లెడలు దాటాలి: రాతప్రతిని సవరించే సంపాదకుడు, వంటకాన్ని వండి చూసే పరీక్షకులు, అచ్చుకు ముందు చివరిసారి ప్రూఫు దిద్దేవారు. వాళ్లందరినీ నేను "మధ్యవర్తులు" అనే ఒక్క మాటతో తోసిపుచ్చాను. అప్పటికి 500 కాపీల్లో నా దగ్గర మిగిలిన 412 కాపీలకు సవరణ చీటీలు అతికిస్తూ రెండు రాత్రులు కూర్చున్నప్పుడు, ఆ మాట ఎంత తేలికగా అన్నానో అర్థమైంది.

సొంతంగా ప్రచురించుకోవడమంటే ప్రచురణకర్త లేకుండా పుస్తకం వేయడమని చాలామంది అనుకుంటారు. నా వాదన ఏమిటంటే, ప్రచురణకర్త లేని పుస్తకం ఉండదు. సొంత ప్రచురణలో ఆ కుర్చీలో మనమే కూర్చుంటాం. సొంతంగా వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను, నేనే మళ్లీ వేసుకున్నాను. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో, ఆ పనులకు సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోకుండా కూర్చోవద్దన్నదే నేను చెప్పదలచుకున్నది.

నా చేత తొందరపాటు చేయించింది ఒక లెక్క. రాసేది మనం, వండేది మనం, ఫొటోల కోసం గిన్నెలు తోమేది కూడా మనమే. ప్రచురణకర్త మాత్రం నూటికి తొంభై తన దగ్గర పెట్టుకుని పది మన చేతిలో పెడతాడు, ఇదెక్కడి న్యాయం అని. రాయల్టీ సంగతి వరకు అందులో అబద్ధం లేదు. సంప్రదాయ ప్రచురణలో రచయితకు వచ్చేది, పుస్తకం రకాన్నీ ఒప్పందాన్నీ బట్టి, ముఖవిలువలో సుమారు 7 నుంచి 15 శాతం మధ్య ఉండడం మామూలే. కొన్ని ఒప్పందాల్లో అది ముఖవిలువ మీద కాక, కమిషన్లు పోగా ప్రచురణకర్తకు ముట్టిన సొమ్ము మీద లెక్కకడతారు. "నికర రాబడి మీద" అన్న ఆ మూడు మాటలు చూసుకోకుండా సంతకం పెడితే, 10 శాతం అనుకున్నది 5 శాతమై కూర్చుంటుంది.

మిగిలిన తొంభై ఎక్కడికి పోతుందో మాత్రం నేను ఎన్నడూ అడగలేదు. వెల 100 అనుకుంటే, అందులో 40 నుంచి 55 వరకు పంపిణీదారూ దుకాణమూ పంచుకుంటారు. రంగుల బొమ్మలున్న వంటల పుస్తకానికి కాగితం, అచ్చు, బైండింగు కలిసి మరో 20 సులువుగా తింటాయి. రచయితకు పది ఇచ్చాక మిగిలేది 15 నుంచి 30. సంపాదకుడి జీతం, అట్ట వేసిన చిత్రకారుడి రుసుము, గోదాము అద్దె, రవాణా, ప్రచారం, అమ్ముడుపోని కాపీల నష్టం అన్నీ అందులోంచే రావాలి. అందుకే ముద్రణ ఖర్చుకు కనీసం అయిదు రెట్లు వెల పెట్టాలని ఈ వ్యాపారంలో ఒక మోటు సూత్రం ఉంది. నేను దాన్ని దురాశ అనుకున్నాను. నా పుస్తకానికి ముద్రణ ఖర్చుకు సరిగ్గా రెట్టింపు వెల పెట్టి, పాఠకుల పక్షాన నిలబడ్డానని మురిసిపోయాను. మొదటి దుకాణం 50 శాతం కమిషన్ అడిగిన రోజున ఆ మురిపెం తీరింది. వాళ్ల సగం వాళ్లు తీసుకుంటే నాకు మిగిలే సగం ప్రెస్సు బిల్లుకు సరిపోతుంది. కట్టలు దుకాణానికి చేర్చిన ఖర్చు నా చేతినుంచి పడుతుంది. అంటే ఎన్ని ఎక్కువ అమ్ముడైతే నాకంత ఎక్కువ నష్టం. వెల వెనక అట్ట మీద అచ్చయిపోయింది కాబట్టి దిద్దుకోవడానికీ లేదు.

దీనికి తోడు తిరుగు సరుకు. చాలా వస్తువుల విషయంలో దుకాణం కొన్నది దుకాణానిదే. పుస్తకాల్లో మాత్రం అమ్ముడుపోనివి వెనక్కి పంపి సొమ్ము తిరిగి పొందే పద్ధతి అనేక చోట్ల ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో, దుకాణాలు కొత్త పుస్తకాలు తెప్పించడానికి జంకుతుంటే వాళ్లకు ధైర్యం చెప్పడానికి అమెరికా ప్రచురణకర్తలు ఇచ్చిన సౌకర్యం అది. మాంద్యం పోయింది, పద్ధతి ఉండిపోయింది. దుకాణానికి ఇచ్చిన 60 కాపీలూ అమ్ముడైనట్టే నేను పద్దు రాసుకున్నాను. వాటిలో 38 కాపీలు ఆరు నెలల తరువాత, అట్ట మూలలు నలిగి, మళ్లీ అమ్మడానికి పనికిరాని స్థితిలో నా గుమ్మం ముందుకు వచ్చాయి. అడ్వాన్సు తీసుకుని ప్రచురణ సంస్థకు రాసిచ్చిన రచయితకు ఈ బెంగ ఉండదు. ఒప్పందం ప్రకారం రాతప్రతి అందించి ఉంటే, పుస్తకం పోకపోయినా ఆ సొమ్ము సాధారణంగా తిరిగి ఇవ్వనక్కరలేదు. తొంభై శాతంలో పెద్ద పాలు ఈ నష్టభయాన్ని మోసినందుకు కూలి అని ఇప్పుడు ఒప్పుకుంటాను. మోయకుండానే కూలి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల దగ్గరికి తరువాత వస్తాను.

నవల రాసినవాళ్లకు లేని చిక్కులు వంటల పుస్తకానికి ప్రెస్సులో మొదలవుతాయి. నవలకు నల్ల సిరా ఒక్కటి చాలు. వంటకం ఫొటోకు సయాన్, మజెంటా, పసుపు, నలుపు అని నాలుగు సిరాలు కావాలి, ఆఫ్‌సెట్ యంత్రానికి ఒక్కో రంగుకూ ఒక్కో ప్లేటు చేయాలి. ప్లేట్లు బిగించి, రంగులు ఒకదాని మీద ఒకటి కుదిరేదాకా కాగితాలు పాడుచేసిన తరువాతే అసలు అచ్చు మొదలవుతుంది. 300 కాపీలు వేసినా 3,000 వేసినా ఆ తొలి ఖర్చు ఒక్కటే. కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు పడిపోతుంది. ఆ పడిపోవడం చూసి ఆశపడే మనం అమ్మలేనన్ని వేయించుకుంటాం. ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో ప్లేట్లు ఉండవు, ఆర్డరు వచ్చినప్పుడు ఒక్క కాపీ అయినా వేయవచ్చు, పదో కాపీకీ వెయ్యో కాపీకీ దాదాపు ఒకే ఖర్చు. నల్ల అక్షరాల పుస్తకానికి అది వరమే. పేజీ పేజీకీ రంగు ఉన్న పుస్తకానికి ఆ ఒక్క కాపీ ఖర్చే ఎంత ఉంటుందంటే, దాని మీద కమిషన్ లెక్క వేసి వెల కడితే, కొనేవాళ్లు చేతిలోకి తీసుకున్న పుస్తకాన్ని మెల్లగా యథాస్థానంలో పెట్టేస్తారు. ఈ-పుస్తకానికి అచ్చు ఖర్చు లేదు కదా అనిపిస్తుంది. అయితే అమెజాన్ కిండిల్‌లో 70 శాతం రాయల్టీ ఎంచుకున్నవారికి ఫైలు ఎన్ని మెగాబైట్లుంటే అంత చేరవేత రుసుము కోత పడుతుంది, ఫొటోలతో నిండిన ఫైలు బరువు నవల ఫైలుకు ఉండదు.

కాగితం లెక్క మరొకటి. పెద్ద షీటుకు రెండు వైపులా అచ్చు వేసి మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది, పుస్తకమంటే అటువంటి ఫారాల కట్ట. అందుకే ప్రెస్సువాళ్లకు 160, 176, 192 సుఖమైన అంకెలు. నా పుస్తకం 164 పేజీలు తేలింది. పది ఫారాలు పోగా మిగిలిన నాలుగు పేజీల కోసం ప్లేట్లు మళ్లీ చేయాలి, యంత్రాన్ని మళ్లీ సిద్ధం చేయాలి, ఆ ముక్కను విడిగా మడిచి చేర్చాలి. ఆ నాలుగు పేజీల్లో ఉన్నవి నేను పేరు పేరునా చెప్పుకున్న కృతజ్ఞతలు. ముందే తెలిస్తే రెండు వాక్యాల్లో ముగించేదాన్ని. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

రంగుల ప్రూఫు చూడడానికి ప్రెస్సుకు వెళ్లిన సాయంత్రం బాగా గుర్తుంది. ఫోను తెర మీద నిగనిగలాడిన టమాటాల ఎరుపు కాగితం మీద ఇటుక రంగులోకి దిగింది, ఆకుకూరల పచ్చదనం నాచు పట్టినట్టుంది. యంత్రం బాగాలేదని నేను తేల్చేశాను. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ఏమీ అనకుండా నా ఫోనును ప్రూఫు పక్కన పెట్టి, గదిలో దీపం ఆర్పేశాడు. "చూడమ్మా, ఫోను కనిపిస్తూనే ఉంది, కాగితం కనిపించడం లేదు. తెర తానే వెలుగుతుంది. కాగితం, మీద పడిన వెలుగునే తిరిగిస్తుంది. తెర చూపించే రంగులన్నీ సిరాకు రావు తల్లీ" అన్నాడు. ఫొటోలను ముందుగా ఆ నాలుగు సిరాల రంగుల్లోకి మార్చి, అందులో దిద్దుకుని, అంగుళానికి 300 చుక్కలకు తగ్గని స్పష్టతతో ఇవ్వాలని ఏ ప్రచురణ సంస్థలోనైనా కళావిభాగంలో కొత్తగా చేరినవారికి కూడా తెలుసు. నాకు దీపం ఆర్పాక తెలిసింది.

ఆ పెద్దాయనే బైండింగు గురించి అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. "ఈ పుస్తకం ఎక్కడ పెట్టి చదువుతారు?" అన్నాడు. వెన్నుకు జిగురు పూసి అట్ట అతికించిన పుస్తకాన్ని పొయ్యి పక్కన తెరిచి పెడితే తనంతట తాను మూసుకుంటుంది, దాన్ని పిండి చేతులతో మళ్లీ తెరవాలి. ఫారాలను దారంతో కుట్టిన పుస్తకం తెరిచిన చోట తెరిచినట్టు ఉంటుంది, ఖర్చు ఎక్కువ. నేను జిగురే ఎంచుకున్నాను, పుస్తకం బల్ల మీద ఎలా కనిపిస్తుందో తప్ప వంటింట్లో ఎలా పడుకుంటుందో ఆలోచించలేదు కాబట్టి.

ఇవన్నీ సొమ్ముతో దిద్దుకోగల తప్పులు. సొమ్ముతో తేలనిది, నా దృష్టిలో వంటల పుస్తకానికి ప్రాణమైనది, పరీక్ష. రెండో ముద్రణకు ముందు మా చెల్లెలిని వంటగదిలో నిలబెట్టి, నేను గుమ్మం బయట కుర్చీ వేసుకున్నాను. నేను నోరు విప్పకూడదు, ఆమె కాగితం మీద ఉన్నది తప్ప ఏమీ చేయకూడదు; అదీ షరతు. మూడో వాక్యం దగ్గరే ఆగిపోయింది. "అక్కా, ఉల్లిపాయలు దోరగా వేగాక అన్నావు. దోరగా అంటే ఎంత దోరగా?" నేను పలకలేదు. "మంట ఎంత పెట్టాలో లేదు. ఎంత వెడల్పు గిన్నెలో చేశావో లేదు. మూత పెట్టమన్నావు సరే, తీయమని ఎక్కడా లేదేమే!" గంటన్నరలో ఆమె అడిగిన ప్రశ్నలు లెక్కపెడితే 23. అన్నిటికీ జవాబు నాకు తెలుసు, ఒక్కటీ కాగితం మీద లేదు.

మన వంటభాష పక్కన నిలబడి నేర్పే మనిషి ఉందన్న భరోసా మీద పుట్టింది. "తగినంత ఉప్పు", "పచ్చివాసన పోయేదాకా", "చేతికి అంటకుండా" అన్న మాటలు ఆ మనిషి పక్కన ఉన్నంతసేపూ ఏ అంకె కన్నా కచ్చితమైనవి. పుస్తకంలో ఆ మనిషి ఉండదు. వాటిని తీసేసి నిమిషాలూ గ్రాములూ మాత్రమే మిగల్చమనే సంపాదకులతో నాకు పేచీ ఉంది, ఎందుకంటే పొయ్యికీ పొయ్యికీ మంట మారుతుంది, కంటికి కనిపించే గుర్తు మారదు. రెండూ కలిపి రాయడమే మార్గమని నాకు తోచింది: "మధ్యరకం మంట మీద 8 నుంచి 10 నిమిషాలు, అంచులు బంగారు రంగుకు తిరిగేదాకా". దినుసులను వాడే వరసలోనే జాబితాగా ఇవ్వడం, ఎందరికి సరిపోతుందో చెప్పడం, జాబితాలో ఉన్న ప్రతి దినుసూ కింది వివరణలో ఎక్కడో ఒకచోట గిన్నెలో పడిందో లేదో సరిచూడడం, ఇవన్నీ చూడడానికి చిన్న పనులే. ఇంగ్లండులో ఎలైజా యాక్టన్ 1845లో తన వంటల పుస్తకంలో దినుసుల పరిమాణాలనూ వండే సమయాన్నీ విడిగా ఇచ్చేదాకా ఆ భాషలోనూ చాలా వంటకాలు కథ చెప్పినట్టే సాగేవి.

స్పూను సంగతికి వస్తే, అది నేననుకున్నంత స్థిరమైన కొలత కూడా కాదు. ఎక్కువ దేశాల్లో టేబుల్‌స్పూను 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. కప్పు కొన్నిచోట్ల 250 మిల్లీలీటర్లు, అమెరికాలో సుమారు 237, జపాన్‌లో 200. పుస్తకం ఆన్‌లైన్‌లో పెట్టిన క్షణం నుంచి అది ఏ దేశపు వంటింట్లో తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు కాబట్టి, కొలతల పట్టిక ఒకటి మొదటి పేజీల్లోనే ఉండాలి, బరువులు గ్రాముల్లో ఉండాలి. పదసూచి లేకపోవడం నా పుస్తకంలో మరో లోపం. చేతిలో వంకాయలున్న మనిషి వంటకం పేరుతో వెతకదు, వంకాయతో వెతుకుతుంది. పేజీ నంబర్లు పూర్తిగా ఖాయమైన తరువాతే తయారుచేయగలిగే పని కాబట్టి, అచ్చు తేదీ తరుముకొస్తున్నప్పుడు అందరూ వదిలేసేది అదే.

స్పూనును గోపురంగా కాక, కత్తి అంచుతో సమంగా గీసి కొలవాలని పట్టుబట్టిన మనిషి ఫానీ ఫార్మర్. బోస్టన్‌లో ఆమె నడిపిన వంట పాఠశాల పేరుతో 1896లో వచ్చిన పుస్తకం మీద ప్రచురణ సంస్థ లిటిల్, బ్రౌన్‌కు నమ్మకం లేక, 3,000 కాపీలకే పరిమితం చేసి, ఆ ఖర్చు కూడా ఆమెనే పెట్టుకోమంది. ఆమె పెట్టుకుంది, కాపీహక్కు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. పుస్తకం ఆమె బతికి ఉండగానే లక్షల్లో అమ్ముడుపోయింది. సరిగ్గా అన్నే కాపీలతో మొదలైన మరో కథ ఉంది. భర్తను పోగొట్టుకున్న మరుసటి ఏడాది, 1931లో, సెయింట్ లూయిస్‌లో ఇర్మా రాంబవర్ తన వంటల పుస్తకాన్ని సొంత డబ్బుతో 3,000 కాపీలు అచ్చు వేయించి తానే అమ్ముకుంది. 1936లో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని తీసుకున్నప్పుడు రాసుకున్న ఒప్పందంలో, ఆమె సొంతంగా వేసుకున్న 1931 ముద్రణతో సహా కాపీహక్కు సంస్థకు వెళ్లిపోయింది. పుస్తకం అమెరికాలో ఇంటింటికీ చేరింది, ఆమె మాత్రం తన పుస్తకం గురించి ఆ సంస్థతో ఏళ్ల తరబడి తగవులాడుతూనే ఉంది. ఇద్దరూ పెట్టుబడి పెట్టినవాళ్లే, ఇద్దరి పుస్తకాలూ గెలిచినవే. తేడా అంతా కాపీహక్కు ఎవరి పేర ఉందన్న ఒక్క వాక్యంలో ఉంది. సొంత ప్రచురణ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు రాంబవర్ 3,000 కాపీల సాహసాన్ని ఎంత ఇష్టంగా చెబుతారో, 1936 ఒప్పందాన్ని అంత సులువుగా మరిచిపోతారు.

పెట్టుబడి ముందే పోగుచేసుకోవడం కూడా కొత్త సంగతేమీ కాదు. 1747లో లండన్‌లో హానా గ్లాస్ తన వంటల పుస్తకాన్ని చందాదారుల నుంచి ముందుగా సొమ్ము తీసుకుని వేసింది, వాళ్ల పేర్ల పట్టిక పుస్తకంలోనే అచ్చయింది. పుస్తకం బాగా పోయింది. అయినా 1754లో ఆమె దివాలా తీసి ఆ కాపీహక్కును అమ్ముకోవలసి వచ్చింది. నేను రెండో ముద్రణకు ముందస్తు ఆర్డర్లు తీసుకున్నాను, అవి వచ్చిన సంఖ్యను బట్టే కాపీలు వేయించాను. మొదటిసారి 500 అన్న అంకె నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇక మోయకుండా కూలి తీసుకునేవాళ్లు. రాతప్రతి పంపిన మర్నాడే, "మా సంపాదక మండలి మీ రచనను ఏకగ్రీవంగా ఎంపిక చేసింది" అని జవాబిచ్చిన ఒక సంస్థతో నాకు కొంత అనుభవం ఉంది. అంత పెద్ద కట్టను ఒక మండలి ఒక్క రాత్రిలో చదివిందంటే నమ్మాను. పొగడ్తకు మించిన మత్తు లేదు. ఆ వెంటనే మూడు రకాల ప్యాకేజీల జాబితా వచ్చింది, ఒక్కోదానికీ ఒక్కో లోహం పేరు. ముందుగా కట్టిన దానిలో సగం ఈనాటికీ తిరిగి రాలేదు. సంపాదకత్వానికో అట్ట రూపకల్పనకో సొమ్ము పుచ్చుకుని ఆ పని చేసి పెట్టేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాళ్లు లేకపోతే సొంత ప్రచురణే సాగదు. పేచీ అంతా, రచయిత నుంచి సొమ్మూ తీసుకుని, ప్రచురణకర్తనని చెప్పి హక్కులూ తీసుకునేవాళ్లతో. వాళ్లను గుర్తుపట్టడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ పుస్తకం ఒక్క కాపీ కూడా అమ్ముడుపోకపోతే మీకు పోయేదేమిటి? సంతకం రోజునే లాభం ముట్టినవాళ్లకు పాఠకుడితో పని ఉండదు. అచ్చుకు సిద్ధం చేసిన ఫైళ్లు, డిజైను మూల ఫైళ్లతో సహా, పని పూర్తయ్యాక ఎవరి దగ్గర ఉంటాయో కూడా ముందే కాగితం మీద రాయించుకోవాలి. రెండో ముద్రణలో ఒక అక్షరం దిద్దడానికి మొత్తం పేజీలు మళ్లీ కట్టించుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించడానికి దానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2007 జనవరి 1 నుంచి అది 13 అంకెలది, దేశాన్ని బట్టి ఉచితంగానో రుసుముతోనో ఆ దేశపు ఏజెన్సీ ఇస్తుంది, గట్టి అట్టకు ఒకటి, మెత్తని అట్టకు ఒకటి విడిగా తీసుకోవాలి. ఆ సంఖ్యలో ప్రచురణకర్త గుర్తు ఇమిడి ఉంటుంది కాబట్టి, ఏదైనా వేదిక ఉచితంగా ఇచ్చిన సంఖ్యను వాడుకుంటే పుస్తక వ్యాపారుల జాబితాల్లో ప్రచురణకర్తగా మన పేరు పడకపోవచ్చు. ఆ సంఖ్య కాపీహక్కు ఇస్తుందనుకునేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు; రెండింటికీ సంబంధం లేదు. కాపీహక్కుల మీద దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒడంబడికలో చేరిన దేశాల్లో రచన పుట్టడంతోనే కాపీహక్కు పుడుతుంది.

ఆ కాపీహక్కు దేనికి వర్తిస్తుందో వంటల పుస్తకం రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. దినుసుల జాబితాకు, వండే పద్ధతికి సాధారణంగా రక్షణ లేదు; వాటిని మనం చెప్పిన తీరుకు, మన వాక్యాలకు, వంటకం ముందు రాసుకున్న ముచ్చటకు ఉంది. అంటే ఇతరుల వంటకాన్ని మన మాటల్లో రాసుకోవడానికి చట్టం అడ్డు రాకపోవచ్చు, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడం మాత్రం మర్యాద. ఫొటోల సంగతి ఇంతకన్నా మెలిక. సొమ్ము ఇచ్చి తీయించుకున్నాం కాబట్టి ఫొటో మనదేనని నేను అనుకున్నాను. అనేక దేశాల్లో, రాతపూర్వకంగా వేరే ఒప్పందం లేకపోతే, అది తీసినవారిదే. పుస్తకం కోసం తీసిన బొమ్మను ప్రచార పత్రంలో వాడినందుకు మా ఫొటోగ్రాఫర్ రెండోసారి రుసుము అడిగితే మొదట ఒళ్లు మండింది. ఒప్పందం తీసి చూస్తే "పుస్తకంలో ముద్రణకు మాత్రమే" అని ఉంది, కింద నా సంతకం ఉంది.

రెండో ముద్రణ 176 పేజీలతో, అంటే 11 నిండు ఫారాలతో, పదసూచితో, కుట్టు బైండింగుతో, వెలను ముద్రణ ఖర్చుకు అయిదు రెట్లకు కాస్త తక్కువగా పెట్టి వేశాను. అది అయిపోవస్తున్న సమయంలో ఒక ప్రచురణ సంస్థ పుస్తకాన్ని తాము తీసుకుంటామని రాసింది. ఒప్పందం ముసాయిదాలో నాలుగో అంశం, "ఈ రచన పూర్వ ముద్రణలతో సహా సర్వ హక్కులు" అని మొదలైంది. ఆ వాక్యాన్ని కొట్టేసి, కాపీహక్కు నా పేరనే ఉండి, అచ్చు వేసి అమ్ముకునే అనుమతి మాత్రం ఏడేళ్లకు ఇచ్చేటట్టు మార్చమన్నాను. పెద్దగా వాదించకుండానే ఒప్పుకున్నారు. అడిగితే మారే వాక్యాలు ఒప్పందాల్లో మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. చిక్కు తొమ్మిదో అంశం దగ్గర వచ్చింది. పుస్తకం ముద్రణలో లేకుండా పోతే ఆ గడువుకు ముందే హక్కులు రచయితకు తిరిగి వస్తాయని అందులో ఉంది. ఈ-పుస్తకం ఒకటి ఎక్కడో అమ్మకానికి ఉన్నంతకాలం, ఆర్డరు వస్తే ఒక్క కాపీ వేసే యంత్రం ఉన్నంతకాలం, ఏ పుస్తకమూ ముద్రణలో లేకుండా పోదు. అందుకని ఏడాదికి ఇన్ని కాపీలకు తక్కువ అమ్ముడైతే హక్కులు తిరిగి రావాలని ఒక అంకె వేయమని అడిగాను. వాళ్లు 50 అన్నారు, నేను 200 అన్నాను. నాలుగు ఉత్తరాల తరువాత వాళ్లు 100 దగ్గర, నేను 150 దగ్గర ఉన్నాం, ముసాయిదా బల్ల మీద ఉంది.